ముందే సంతకం పెట్టిన చీటీలు

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సందులో ఉన్న చిన్న క్లినిక్‌లో నేను నర్సుగా చేసేదాన్ని. మా డాక్టరుగారు పదకొండింటికల్లా ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోయేవారు. పోతూ పోతూ ఓ పది ఖాళీ మందుల చీటీల మీద ముందే సంతకాలు గీకి నా సొరుగులో పడేసేవారు. జ్వరం, దగ్గు, ఒళ్లు నొప్పులైతే నేనే రాసి పంపాలి. తప్పని నాకు తెలుసు. కానీ వచ్చినవాళ్లు "డాక్టరమ్మా" అంటుంటే ఎంత హాయిగా ఉండేదో! కాదని ఒక్కరికీ చెప్పిన పాపాన పోలేదు.

ఒక రోజు బయట బెంచీ నిండా జనం. మొజంజాహీ మార్కెట్ దగ్గర బత్తాయిలు అమ్మే పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని వచ్చింది. నొప్పి బిళ్లలు రోజుకు రెండు, ఐదు రోజులకని రాసిచ్చి పంపేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి ముద్ద కలుపుతుంటే ఆమె పాదాలు గుర్తొచ్చాయి. చెప్పుల పట్టీ లోపలికి దిగబడేంత వాపు. కళ్లారా చూశాను, చూసి కూడా అడగలేదు. బీపీ ఉందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఇంకేం మందులు వాడుతోంది? కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ బిళ్లలు ఎంత ప్రమాదమో నర్సింగ్ చదివే పిల్లలకు కూడా తెలుసు. డబ్బా మూత పెట్టేశాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "ఏం కాదులేమ్మా, ఊరికే కంగారు పడతావు" అన్నారు. కంగారు పడక ఏం చేయను? రిజిస్టర్‌లో ఆమె ఫోన్ నంబరైనా రాసుకోలేదు.

క్లినిక్‌కి తాళం వేసి, యూనిఫాంలోనే మార్కెట్ వైపు బయల్దేరాను. నడిచానో పరుగెత్తానో తెలియదు. బత్తాయి బండ్లు ఒకటా రెండా! ఆగి చూడటం, ఆమె కాకపోతే ఇంకో బండి వైపు మళ్లడం. ఇంట్లో ఎక్కడో పడిపోయి ఉంటుందని కూడా అనుకున్నాను. చివరికి ఐస్‌క్రీం కొట్లు దాటాక కనిపించింది, ఎవరికో కాయలు తూస్తూ.

"అమ్మా, ఆ బిళ్లలు వేసుకున్నావా?"

"ఔ, ఒకటేసుకున్న. ఏంది డాక్టరమ్మా, గిట్ల ఉరికొచ్చినవ్? జర కూసో."

"నీకు కిడ్నీ జబ్బేమైనా ఉందా?"

"ఉన్నది. పెద్ద దవాఖానల సూపిచ్చుకుంటున్న. నొప్పి గోళీలు ముట్టొద్దని గాడ జెప్పిన్రు."

మిగిలిన బిళ్లలు అడిగి తీసుకున్నాను. నేను డాక్టర్ని కాదు, నర్సునని మొదటిసారి ఒకరికి నా నోటితో చెప్పాను. ఆమె తిడుతుందేమోనని చూశాను, తిట్టినా బాగుండేది. బండి పక్కావిడకు అప్పజెప్పించి, ఆటోలో ఆ పెద్ద దవాఖానకే తీసుకెళ్లాను. రక్తపరీక్ష చేశారు. ఒక్క బిళ్లతోనే ఆగింది కాబట్టి సరిపోయిందని, ఐదు రోజులూ వేసుకుని ఉంటే చెప్పలేమని అక్కడి డాక్టరు అన్నారు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "వద్దన్నారని తెలిసి కూడా ఎందుకు వేసుకున్నావమ్మా?"

నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది.

"నువ్వు రాసినవ్ గదా బిడ్డా. అన్నీ సూసే రాసినవనుకున్న."