పెద్దక్క పోసిన ఎర్ర మీడియం

మేమంతా పెద్దక్క అని పిలిచే మా ల్యాబ్ మనిషిని మీరు ఒక్కసారైనా కలవాలి. మా ల్యాబ్‌కి ఎవరొచ్చినా నేను ముందు మైక్రోస్కోప్ చూపించను, ఆమెనే చూపిస్తాను. ఇరవై రెండేళ్లుగా ఫ్లాస్కుల్లో చర్మకణాలకి తిండి పెట్టి పెంచుతున్న మనిషి.

ఆ కణాలు చర్మానికి రంగునిచ్చేవి. పుట్టుమచ్చలో గుంపు కట్టేవీ అవే, తిక్కరేగితే క్యాన్సర్‌గా మారేవీ అవే. వాటి తిండి మీడియం అనే ఎర్రటి ద్రవం. కణాలు తిన్నకొద్దీ అది పసుపు రంగుకి తిరుగుతుంది. పెద్దక్క, కణాల్ని ఒంటివేడిలో ఉంచే ఇంక్యుబేటర్ తలుపు సగం తెరిచి ఒక్క చూపు చూసేది. "మూడోదానికి ఆకలేస్తోంది. చివరిది అలిగింది, కదపకండి" అనేది. ఆ మాట తప్పడం నేను చూడలేదు.

చిక్కు వచ్చింది పొడుగమ్మాయి ప్రయోగంతో. ఆమె మా సీనియర్, పీహెచ్‌డీ చివరి ఏడాది. ఎండకి దెబ్బతింటే రంగు కణాలు చుట్టుపక్కలకి వాపు సంకేతాలు పంపుతాయి, ప్రమాదం అని కేకలేసినట్టు. ఆ కేకలు ఆగకుండా సాగితే క్యాన్సర్‌కి అవే అండ కావచ్చు. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ ఆ కేకల్ని కాస్త తగ్గిస్తుందా అన్నది ఆమె ప్రశ్న. సగం ఫ్లాస్కుల్లో హార్మోన్ వేసింది, సగంలో వెయ్యలేదు. అన్నిటికీ రంగులేని మీడియమే పొయ్యాలని గట్టిగా చెప్పింది.

"ఈ మూగదాంతో నేనెలా వేగనే?" అంది పెద్దక్క. "ఆకలేసినా చెప్పదు, నిండినా చెప్పదు."

"ఆరు వారాలేగా అక్కా," అంది పొడుగమ్మాయి. "మా అత్తగారితో నేను ఆరేళ్లుగా వేగట్లేదా?"

"మీ అత్తగారికి నోరుంది కదే."

నాలుగో వారం శనివారం పొడుగమ్మాయి ఊళ్లో లేదు. రంగులేని మీడియం చివరి సీసా తీస్తే లోపల మబ్బు పట్టినట్టుంది, బ్యాక్టీరియా పడింది. కొత్తవి సోమవారం గాని రావు. అంతకుముందు తెరిచిన సీసాలో మిగిలింది సగం ఫ్లాస్కులకే సరిపోయింది. మిగతావాటికి, అంటే హార్మోన్ వెయ్యనివాటికి, పెద్దక్క ఎర్రది పోసింది. రంగు ఎందుకు వద్దో ఆమెకి ఎవరూ చెప్పలేదు. కొలిచే మిషన్‌కి ఎరుపు అడ్డమొస్తుంది కాబోలు, కొలిచేముందు కడిగేస్తే సరి అనుకుంది. సోమవారం పొద్దున్నే కడిగి, కొత్తగా వచ్చింది పోసి, రిజిస్టర్లో 'మీడియం మార్చాను' అన్నచోట ఎప్పటిలాగే టిక్కు పెట్టింది. కణాలు బతికాయి, అంతే చాలు.

ఫలితం వచ్చింది. రెండు గుంపులకీ తేడా లేదు. పొడుగమ్మాయి మొహం వాడిపోయింది. మా ప్రొఫెసర్ మేడమ్ మాత్రం, "తేడా లేకపోవడం కూడా ఫలితమే, గురువారం జర్నల్‌కి పేపర్ పంపించెయ్" అంది.

పెద్దక్కకి అది మంచి కబురు. వాళ్ల చెల్లెలికి రెండేళ్ల క్రితం మడమ మీది పుట్టుమచ్చ క్యాన్సరై ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు నెలసరి ఆగిపోయి ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు. ఆ హార్మోనే ఉన్న మాత్రలు వాడాలా వద్దా అంటే, ఆలోచించుకుని శుక్రవారం రమ్మంది డాక్టర్. పెద్దక్క వెంటనే ఫోన్ చేసింది. "మా దగ్గర తేలిందే. హార్మోన్‌తో ఏ తేడా లేదట. ధైర్యంగా వేసుకో."

బుధవారం పొడుగమ్మాయి కొత్తగా చేరిన జూనియర్‌కి పాఠం చెబుతోంది. "రంగులేనిదే ఎందుకంటే, ఆ ఎరుపు పదార్థం కాస్త ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. అది పోశామంటే హార్మోన్ వెయ్యని ఫ్లాస్కులో కూడా కొంచెం వేసినట్టే. అప్పుడు నిజంగా తేడా ఉన్నా కనబడదు."

సింక్ దగ్గర గాజు సీసా ఠంగుమంది. పెద్దక్క చేతిలోంచి జారింది.

ఆ తర్వాత ఆమె ఒక్కచోట నిలబడలేదు. కడిగిన సీసాలే మళ్లీ కడిగింది. ఇంక్యుబేటర్ తెరిచి, చూడకుండానే మూసింది. ఫోన్ పట్టుకుని మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అన్నాను.

"రిజిస్టర్ ఎక్కడ పెట్టారు?"

తీసిచ్చాను. ఆ శనివారం పేజీ తెరిచి చాలాసేపు చూసింది. అన్ని టిక్కులూ ఒకలాగే ఉన్నాయి. అడిగేవాళ్లు లేరు. వరండాలో పెట్టెలో కొత్త మిషన్ ఉంది, కణాలకి దానంతటదే తిండి పెట్టేది. మనిషి చెయ్యి తప్పినా దాని చెయ్యి తప్పదని మేడమ్ రోజుకోసారి అంటోంది. నోరు విప్పితే ఇన్నేళ్లుగా తన దగ్గరే ఉన్న కణాల గది తాళంచెవి పోతుంది. విప్పకపోతే రేపు పేపర్ వెళ్తుంది, ఎల్లుండి చెల్లెలు ఆమె మాట నమ్మి డాక్టర్ దగ్గరికి వెళ్తుంది.

గురువారం పొద్దున నేను బ్యాగ్ దించేసరికే ఆమె చెల్లెలితో మాట్లాడుతోంది.

"నేను చెప్పింది మర్చిపో. మా దగ్గర ఏం తేలలేదు."

ఫోన్‌లోంచి చెల్లెలి గొంతు నాకూ వినిపించింది. "అయితే మంచివా, చెడ్డవా?"

"తెలీదే. డాక్టర్‌నే గుచ్చి గుచ్చి అడుగు. నా మాట మీద మాత్రం వేసుకోకు."

ఫోన్ పెట్టేసి, రిజిస్టర్లో టిక్కు పక్కన 'హార్మోన్ లేనివాటికి ఎర్రది పోశాను' అని రాసి, పక్కన ఆ గురువారం తేదీనే వేసి, పొడుగమ్మాయి కీబోర్డ్ మీద పెట్టింది.

పొడుగమ్మాయి రెండుసార్లు చదివింది. "రెండు నెలల పని అక్కా."

"తెలుసు."

"మనలోనే ఉండనీ. ఫ్రీజర్లో దాచిన కణాల సీసాలు ఇంకో రెండు ఉన్నాయి, మళ్లీ చేస్తా. ఇంక్యుబేటర్ పాడైందని మేడమ్‌కి చెబుదాం."

"పాపం, అదేం చేసిందే?" అని పెద్దక్క మేడమ్ గదివైపు నడిచింది.

పది నిమిషాల్లో బయటికొచ్చింది. తాళంచెవి తీసి పొడుగమ్మాయి చేతిలో పెట్టింది. పేపర్ ఆపేశారట, ప్రయోగం మళ్లీ అయ్యేదాకా ఆమె ఆ గదిలోకి వెళ్లొద్దట. ఆ తర్వాత సంగతి తర్వాతట.

మళ్లీ మొదలుపెట్టిన ప్రయోగానికి ఇప్పుడు మూడో వారం. రోజూ పొద్దున్నే పెద్దక్క ఆ గది గాజు తలుపు బయట నిలబడుతుంది. లోపల పొడుగమ్మాయి రంగులేని ఫ్లాస్క్ ఒకటి ఎత్తి చూపిస్తుంది. పెద్దక్క కళ్లు చికిలించి చూసి, చెప్పలేక, తల అడ్డంగా ఊపుతుంది. మళ్లీ చేసిన దాంట్లో ఏం తేలుతుందో ఇంకా ఎవరికీ తెలీదు.

అన్నీ ఒకలాగే ఉన్న ఆ టిక్కుల ముందు, ఎవరూ అడగని ఆ బుధవారం, మీరైతే ఏం చేసేవాళ్లు?