సత్తమ్మకు పెట్టిన బువ్వ

నర్సింగమ్మ చర్చికి వస్తే ఎవరో ఒకరు లేచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తారు. అందరూ మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తుంటే ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చుంటుంది. గర్వం అనుకునేరు! మర్రిగూడ మండలంలో పాత బోరు ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు అది. మోకాళ్ళు వంగవు. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, నిజమే. కానీ మొండికేసిన ఎముకలకు నల్లా వచ్చిన సంగతి ఎవరు చెప్పాలి? బాప్తిస్మం ఇచ్చిన రోజు పాస్టర్ ఇస్రాయేలు ఆమెకు రాహేలు అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆదివారం పూట చర్చిలో పలుకుతుంది. రేషన్ కార్డులో, పత్తి చేన్లో, మాదిగవాడలో ఆమె నర్సింగమ్మే.

దానియేలు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. వాడు నడక నేర్చేలోపే మొగుడు జ్వరంతో పోయాడు. నాలుగు మేకలు, కూలి పనులు పెట్టుకుని వాణ్ణి పెంచింది. పోయిన ఏడు పత్తి ఏరే రోజుల్లో దానియేలు పత్తి నింపిన బోరాల మీద కూర్చుని మిల్లుకు పోతుంటే కల్వర్టు దగ్గర బండి బోల్తా పడింది. బండి కింద పడ్డవాడు మళ్ళీ లేవలేదు. నడిపింది మల్లేశ్, ఊళ్ళో గొర్లకాపరుల ఇంటివాడు. గొర్రెలన్నీ అమ్మి ట్రాలీ ఆటో కొన్నాడు. ఆ రోజు పొద్దుటి నుంచీ కల్లు మీదే ఉన్నాడు. వాడి ఒంటి మీద గీత కూడా పడలేదు.

బెయిల్ మీద బయటికి వచ్చిన మల్లేశ్ మళ్ళీ ఊరి మొహం చూడలేదు. బొంబాయి పోయాడని కొందరు, భీవండి అని కొందరు అన్నారు. వాడి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని తల్లిగారింటికి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది మల్లేశ్ తల్లి సత్తమ్మ. కొడుకును పోలీసులు తీసుకుపోయిన వారంలోనే ఆమెకు పక్షవాతం కొట్టింది. ఎడమ పక్కంతా పోయింది. కుడిచెయ్యి ఉందంటే ఉంది గానీ, ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్ళోనే పడుతుంది.

దినాలకు బదులు చర్చివాళ్ళు చేసే ఆదరణ కూడిక దానియేలుకు పెట్టి, వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయాక, నర్సింగమ్మ మేకలు తోలుకుని ఊరి దారి పట్టింది. ఆ దారి సత్తమ్మ ఇంటి ముందు నుంచే పోతుంది. లోపల మూలుగు వినిపించింది. తొంగిచూస్తే సత్తమ్మ గడప పక్కన తన మలమూత్రాల్లోనే పడి ఉంది. పక్కనున్న గిన్నెను కుక్క నాకుతోంది. నర్సింగమ్మ కుక్కను అదిలించింది. తరువాత ఇంటికి వెనక్కి నడిచి, పళ్ళెంలో బువ్వ, పప్పు వేసుకుని వచ్చింది. అప్పుడు ఎందుకని ఎవరైనా ఆపి అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

సత్తమ్మ పళ్ళేన్ని చూసి మొహం అటు తిప్పుకుంది.

"మీ ఇంటి బువ్వ నేనెట్ల తింటనే?" అంది, మాట ముద్దముద్దగా వస్తుంటే.

విన్నారా! తన కొడుకు చంపినవాడి ఇంటి నుంచి వచ్చిన బువ్వ అని కాదు ఆవిడ బాధ. వాడ నుంచి వచ్చిందని. ఆ ఇంట్లో వాడవాళ్ళకు మంచినీళ్ళు ఎప్పుడూ దోసిట్లోకే పోసేవాళ్ళు, చెంబు తాకకుండా, పై నుంచి. ప్రాణం పోయేటప్పుడు కూడా పట్టింపు పోలేదు ముసలిదానికి. మరొకరైతే పళ్ళెం విసిరికొట్టి పోయేవాళ్ళు.

"తింటె తిను, లేకుంటె సావు. నాకేం పోయింది," అని నర్సింగమ్మ పళ్ళెం అక్కడ పెట్టి మేకల వెంట వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. సగం సత్తమ్మ కడుపులో, సగం చీర మీద. మరునాటి నుంచి నర్సింగమ్మే కూర్చుని ముద్దలు కలిపి నోట్లో పెట్టడం మొదలుపెట్టింది. ఒళ్ళు తుడిచి, చీర మార్చి, కిందా మీదా శుభ్రం చేసి వచ్చేది. సత్తమ్మ కళ్ళు మూసుకుని తినేది. ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఊరు ఊరుకుంటుందా? "ముసల్దాన్ని ఏసు మతంల కలపనీకె ఈమె వేషాలు," అన్నారు సత్తమ్మ బంధువులు. వాళ్ళలో ఒక్కరు కూడా ఇన్ని గంజినీళ్ళు తెచ్చి పోసిన పాపాన పోలేదు. వాడలో అయితే నర్సింగమ్మ అక్క కూతురు స్వరూప మొహం మీదే అడిగేసింది.

"చిన్నమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా? మన దానియేలుగాన్ని సంపినోని తల్లికి ముద్దలు పెడ్తవా? నీకు కడుపు మండదా?"

"మండుతలేదే," అంది నర్సింగమ్మ. "గదే తెలుస్తలేదు నాకు."

అది నిజం. మండితే బాగుండునని ఆమెకే అనిపించేది. కోపం లేదు, ఏడుపు లేదు. పత్తి ఏరుతుంటే కాయల మొనలు వేళ్ళకు గుచ్చుకునేవి. తెల్లటి దూది మీద ఎర్రటి మరక కనబడితే అప్పుడు తెలిసేది, వేలు తెగిందని. ఎవరైనా దానియేలు పేరెత్తి ఏడిస్తే ఆమె వాళ్ళనే ఓదార్చి పంపేది.

సంగతి పాస్టర్ ఇస్రాయేలు చెవిన పడింది. మంచి మనిషి. చావుకీ బతుక్కీ బండి వేసుకుని ముందుగా వచ్చేది ఆయనే. దానియేలు శవపెట్టెకు భుజం పట్టింది కూడా ఆయనే. ఆయన సంతోషం పట్టలేక వాడకు వచ్చాడు.

"రాహేలమ్మా, బడి కాడ పెట్టే మన సువార్త సభలల్ల నువ్వు సాక్ష్యం చెప్పాలె. శత్రువును ప్రేమించుమని ప్రభువు చెప్పిన మాట మనం ఏండ్ల సంది వింటున్నం. చేసి చూపెట్టింది నువ్వే."

"నాకు ఆమె మీద ప్రేమ లేదయ్యగారూ," అంది నర్సింగమ్మ.

పాస్టర్ నవ్వాడు. "గదేనమ్మా తగ్గింపు అంటె!"

"తగ్గింపు కాదయ్యగారూ. నిజంగనే లేదు. పగ ఉన్నదా అంటె గది గూడ తెలుస్తలేదు. లోపల ఏం లేదు."

పాస్టర్ నవ్వు ఆగింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నెమ్మదిగా, ఆమె మంచి కోరే చెప్పాడు. "ప్రేమ లేకుండ పెట్టింది దేవుని లెక్కల రాదమ్మా. మనసు నిండ క్షమించనోళ్ళు పరలోకం గడప తొక్కరు. ప్రార్థన చెయ్యి. సభల నాటికి దేవుడు నీ గుండెల ప్రేమ పుట్టిస్తడు."

ఆయన వెళ్ళిపోయాడు. ఆ మాట వెళ్ళలేదు. దానియేలు పరలోకంలో ఉన్నాడు, అందులో నర్సింగమ్మకు రవ్వంత అనుమానం లేదు. తను పోయాక వాణ్ణి చూస్తుంది, ఇన్నాళ్ళూ ఆ ఒక్క ఆశే ఆమెను నిలబెట్టింది. ఇప్పుడు ఆ గడప ఇవతలే తనను ఆపేస్తే? లోపల కొడుకు, బయట తను! ఇది మాత్రం ఆమెకు భయం పుట్టించింది.

అప్పటి నుంచి రోజూ అడిగింది. "ప్రభువా, జర ప్రేమ ఇయ్యి. నా కోసం కాదు, నా కొడుకును చూసెతందుకు." సత్తమ్మకు ముద్ద పెడుతూ ఆ మొహంలోకి చూసేది, ఏమైనా పుడుతుందేమోనని. మల్లేశ్ ముక్కు, మల్లేశ్ గడ్డం కనబడేవి. ముద్ద పెట్టేది, మూతి తుడిచేది. ఏమీ పుట్టేది కాదు.

సభల ముందురోజు స్వరూప ఉపాయం చెప్పింది. "నీకెందుకు చిన్నమ్మా ఇంత ఫికర్? దేవుడు నా గుండెను ప్రేమతోటి నింపిండు, హల్లెలూయ, అని దిగు. అయిపాయె! ఎవరు నీ గుండె కోసి చూస్తరు?"

ఆ ఒక్క మాట అనేస్తే అందరికీ సుఖమే. పాస్టర్ ఆనందపడతాడు, ఊరు చప్పట్లు కొడుతుంది. నర్సింగమ్మ ఆ మాటను వంట చేస్తూ రెండుసార్లు పలికి చూసుకుంది కూడా.

సాయంత్రం బడి మైదానంలో షామియానా, ట్యూబులైట్లు, కీబోర్డు. ఆమె ఫొటో ఫ్లెక్సీ మీద ఉంది. మెట్లెక్కలేదని ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టి స్టేజీ మీదికి చేర్చారు. మైకు చేతికి వచ్చింది. జనం ఆమె నోటివంక చూస్తున్నారు.

"వందనాలు," అంది. కింద ఎవరో దగ్గారు.

"నా కొడుకు దానియేలు. వాని పేరు మీద అబద్ధం చెప్పలేను. సత్తమ్మ మీద నాకు ప్రేమ పుట్టలే. అడిగిన, ఏడ్వబోయిన, రాలే. బువ్వ పెడ్తున్న. అంతే. ఆమె పడి ఉన్నది, నా కాడ బువ్వ ఉన్నది. దేవుడు గిది లెక్కల వేస్తడో లేదో నాకు తెల్వది. నా కొడుకును చూడనిస్తడో లేదో గది గూడ తెల్వది. ఎవరికన్న తెలిస్తె చెప్పుండ్రి."

ఒక్క హల్లెలూయ పలకలేదు. స్వరూప తలకొట్టుకుంది. పాస్టర్ ఇస్రాయేలు వచ్చి మైకు అందుకున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు. "పాట పాడుకుందాం," అన్నాడు.

పాట నడుస్తుండగానే నర్సింగమ్మ ఆ ఆడవాళ్ళను పట్టుకుని దిగి వచ్చేసింది. సత్తమ్మకు పెట్టే వేళ దాటిపోయింది. ఇంట్లో పళ్ళెం నింపుకుని అటు నడిచింది. సభ మైకు ఆ ఇంటిదాకా వినిపిస్తోంది. అంటే ఇందాక తను అన్నది కూడా ఇక్కడికి వినిపించే ఉంటుంది.

సత్తమ్మ మెలకువతోనే ఉంది. నర్సింగమ్మ ఆమెను గోడకు ఆనించి, తన కాళ్ళు చాపుకుని పక్కన కూర్చుని, ఎప్పటిలాగే ముద్దలు పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక సత్తమ్మ నోరు మూసేసింది.

"ఏమైంది? ఉప్పు తక్కువైందా?"

"నువ్ తిన్నవా?" అంది సత్తమ్మ.

ఏడాదిగా ఆ ఇంట్లో నర్సింగమ్మను ఎవరూ అడగని మాట. "లేదు," అంది నర్సింగమ్మ.

సత్తమ్మ వణికే కుడిచెయ్యి పళ్ళెంలో పెట్టింది, తను తిన్న ఎంగిలి పళ్ళెంలోనే. తంటాలు పడి ముద్ద చేసింది. అది నర్సింగమ్మ నోటి దగ్గరికి వచ్చేలోపు సగం రాలిపోయింది. మిగతా సగాన్ని అలాగే చాపి పట్టుకుంది, చెయ్యి ఊగిపోతుంటే. సత్తమ్మ కళ్ళు మూసుకోలేదు.

నర్సింగమ్మ నోరు తెరిచి తింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. ఆకలి వేసింది. దానియేలు పోయాక మొట్టమొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

"ఇంకొకటి పెట్టు," అంది.