పేరు రాయని స్లైడు

తొంభైల మధ్యలో చోడవరం మెయిన్ రోడ్డు మీద ఒక డాక్టరుగారి ఆసుపత్రిలో, వెనక గదిలో కూర్చుని రక్తం, మూత్రం పరీక్షలు చేసేదాన్ని. పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. మా ఆయన దేవరాపల్లిలో లెక్కల మాస్టారు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తగారు.

ఆ ఆసుపత్రిలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. మూత్రం పరీక్షకి వచ్చినవాళ్ళకి సీసా ఇచ్చి, ఇంటి దగ్గర పట్టి తెమ్మని పంపేదాన్ని. వెనకే ఉండే బిల్డింగు ఓనరుగారి పెరట్లో ఒకటుండేది కానీ దానికి తాళం. వెళ్ళి తాళంచెవి అడగాలంటే వాళ్ళ వసారాలో మగవాళ్ళు కూర్చుని ఉండేవారు. నాకు సిగ్గు. అందుకని పొద్దున కాఫీ తాగి వచ్చాక, భోజనానికి ఇంటికి వెళ్ళేదాకా నీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు. జనం ఎక్కువున్న రోజు సాయంత్రం దాకా అంతే. కడుపుతో ఉన్నప్పుడూ ఆ అలవాటు మానలేదు.

ఆరో నెలలో మూత్రంలో మంట మొదలైంది. నడుముకి కుడివైపు సన్నగా లాగేది. ఒక మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్నప్పుడు నా మూత్రమే స్లైడు మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. చూసినంత మేరా చీము కణాలే. గుంపులు గుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య పొడుగ్గా, గొట్టంలో పోసి తీసిన అచ్చుల్లాంటివి రెండు మూడు కనిపించాయి. అవి మూత్రపిండంలోనే తయారవుతాయి. జబ్బు పైదాకా ఎక్కిందని దానర్థం. ఆ సంగతి నాకు తెలుసు. ఇంకొకరిదైతే రిపోర్టులో ఎర్ర సిరాతో గీత గీసి అప్పటికప్పుడు డాక్టరుగారి బల్ల మీద పెట్టేదాన్ని. నాది కాబట్టి స్లైడు కడిగి ఆరబెట్టాను.

ఎందుకలా చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ మంట గురించి డాక్టరుగారితో మాట్లాడాలంటే నోరు రాలేదు. ఆయన ఇంటి దగ్గర కూర్చోమంటారేమో, ఉద్యోగం పోతుందేమో అని కూడా అనుకున్నాను. రెండు రోజులు బార్లీ నీళ్ళు తాగితే తగ్గుతుందని నాకు నేనే మందు రాసుకున్నాను. మంట కొంచెం తగ్గింది కూడా. దాంతో మరిచిపోయినట్టు నటించాను.

వారం గడిచాక ఒళ్ళు వణికించే జ్వరం వచ్చింది. మన్యం దగ్గర ఊరు మాది. చలిజ్వరమంటే మలేరియా అనే అనుకుంటారు. డాక్టరుగారు ఇంటికొచ్చి మలేరియా మాత్రలిచ్చారు. మా అత్తగారు రెండు దుప్పట్లు కప్పి, నా కాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. మూడో రోజు వాంతులు పట్టుకున్నాయి. డాక్టరుగారు మళ్ళీ వచ్చి నడుం దగ్గర వేళ్ళతో తట్టేసరికి కెవ్వుమన్నాను.

"ఏటమ్మా, ఇక్కడా నొప్పి? మంటేమైనా ఉందా?" అన్నారు.

"మూత్రం సూసుకున్నానండి. నిండా చీము కణాలున్నాయి."

"ఎప్పుడు సూసేవు?"

"పది రోజులైందండి."

ఆయన చేతిలోని స్టెతస్కోపు మడత పెట్టి సంచిలో పెట్టుకున్నారు. మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. మా అత్తగారే అడిగారు. "ఏటి బాబూ అది? మలేరియా కాదా?"

"కాదమ్మా. కిడ్నీకి పట్టింది. ఆలస్యం సెయ్యకండి, విశాఖపట్నం తీసుకెళ్ళిపోండి" అని ఉత్తరం రాసిచ్చారు.

జీపులో సబ్బవరం మీదుగా వెళ్ళాం. దారంతా మా ఆయన నా తల పట్టుకుని కూర్చున్నారు. గోతుల్లో పడ్డప్పుడల్లా డ్రైవరుతో "నెమ్మదిగా బాబూ" అనేవారు.

విశాఖ పెద్దాసుపత్రిలో సెలైను, ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆ సాయంత్రమే ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా మంచం దగ్గరికొచ్చింది. పై చదువు చదువుతోంది. గర్భంతో ఉండగా కిడ్నీకి చీము పట్టిన వాళ్ళ రక్తం మీద ఏదో పరిశోధన చేస్తోంది.

"మామూలు పరీక్షలకి తీసేది కాక, నా చదువు కోసం ఇంకొక్క ట్యూబు కావాలమ్మా. ఇష్టం లేకపోతే వద్దు. వైద్యంలో తేడా ఏమీ ఉండదు" అంది.

"ఏం సూస్తారు అందులో?"

"రక్తనాళాల లోపల పల్చటి పొర ఉంటుంది. అది దెబ్బతింటే దాని లోంచి కొన్ని పదార్థాలు రక్తంలోకి వస్తాయి. కిడ్నీ ఇన్‌ఫెక్షన్ వచ్చిన గర్భిణుల్లో అవి పెరుగుతాయా, తర్వాత బీపీ వచ్చేది వాళ్ళకేనా అని చూస్తున్నాను."

నేనూ ల్యాబులో పనిచేస్తానని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. చేయి చాపాను. మా అత్తగారికి నచ్చలేదు. "ఉన్న రక్తమే సాలక గుంట పాలిపోయింది, ఇంకా తీస్తారా" అని గొణిగారు.

నాలుగో రోజుకి జ్వరం దిగింది. ఇంటికి పంపేస్తారనుకున్నాం. ఆ వారం చివర కాళ్ళు వాచాయి. తర్వాత మొహం. బీపీ ఎక్కింది. మూత్రంలో ప్రొటీన్ పోతోందని, వేడి చేస్తే పెరుగులా గడ్డకడుతోందని నర్సులు మాట్లాడుకుంటుంటే విన్నాను. డాక్టరమ్మ రెండోసారి ట్యూబు నింపుకుని, ఈసారి ఏమీ వివరించకుండా వెళ్ళిపోయింది. నాకూ అడగాలనిపించలేదు.

ఏడో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. కిలో కూడా లేదు. అద్దాల పెట్టెలో పెట్టారు. నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళి ఒక్కసారి చూపించారు. చేతి మీద చర్మం ఎంత పల్చగా ఉందంటే, లోపల నరాలన్నీ నీలంగా కనిపించాయి. మర్నాడు మధ్యాహ్నం పోయింది. మా ఆయన తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి, చీకటి పడకముందే తిరిగొచ్చారు. చెప్పులకి ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఎక్కడ పాతిపెట్టారో నేనడగలేదు.

రెండు నెలలకి మళ్ళీ పనిలోకి వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడేది కాదు. మొదటి వారంలోనే ఓనరుగారి భార్య నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మాటల్లో ఆ తాళంచెవి సంగతి చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"అడిగితే ఇవ్వనా అమ్మా? నాతో ఒక్క ముక్క సెప్పకపోయేవా?" అంది.

ఆ రోజు పని పూర్తి చేయలేకపోయాను.

చూపించుకోవడానికి విశాఖ వెళ్ళినప్పుడు ఆ డాక్టరమ్మని వెతుక్కుంటూ వెళ్ళాను. నా రక్తంలో ఏం తేలిందని అడిగాను. ఆమె పుస్తకం తీసి చూసింది.

"మొదటి ట్యూబులోనే ఎక్కువుంది. రెండోదాన్లో ఇంకా పెరిగింది."

"పది రోజుల ముందే వచ్చుంటే తక్కువుండేదా?"

"చెప్పలేనమ్మా."

"పాప బతికేదా?"

ఆమె పుస్తకం మూసింది. "చాలామందిని కలిపి చూస్తే ఏదైనా తెలుస్తుంది. ఒక్కరి గురించి చెప్పడానికి ఇది పనికిరాదు. మీవల్లే అని నేననను. కాదని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు."

నేను తప్పు చేశానని ఎవరైనా గట్టిగా తేల్చేస్తే బాగుండునని అప్పుడు తెలిసింది. తిరుగు బస్సులో మా ఆయన, "ఏటన్నారు?" అని అడిగారు. ఏమీ తేలలేదన్నాను. సబ్బవరం దాటాక, కిటికీ వైపే చూస్తూ అన్నారు.

"ఆ రోజు సూసినప్పుడు నాతోనైనా సెప్పలేకపోయేవా?"

అన్ని రోజుల్లో ఆయన అడిగింది అదొక్కటే. కోపంగా అడగలేదు. కోపం ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. ఊరొచ్చేదాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

బీపీ తగ్గలేదు. మాత్రలు జీవితాంతం వేసుకోవాలన్నారు. ఇంకో కాన్పుకి ఒప్పుకోవద్దని డాక్టరుగారు మా ఆయనతోనే చెప్పారు, నాతో కాదు. మా అత్తగారు మాత్రం చాలాకాలం, మనవల కోసమే కాబోలు, ఆదివారాలు ఉపవాసాలుండేవారు. దేనికోసమని నేనెప్పుడూ అడగలేదు. ఒక ఏడాది, ఎవరితోనూ ఏమీ అనకుండా మానేశారు.