శుభ్రమైన నీళ్ళు

వడమాలపేటలో మా అమ్మ పెంచే కోళ్ళకు కొక్కెర తెగులు రాకుండా తిరుపతి నుంచి నేనే టీకా మందు తెచ్చాను. ఐసు డబ్బాలో పెట్టి, బస్సులో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. దాన్ని నీళ్ళలో కలిపి కోళ్ళకు తాపాలి. కాకికి మెతుకులు వేసినా కడిగిన ఆకులోనే వేసే మనిషి మా అమ్మ. మందు పెట్టాలంటే ఊరుకుంటుందా? మట్టి మూకుడును బ్లీచింగ్ పౌడరు వేసి తోమి, అప్పుడే వచ్చిన కొళాయి నీళ్ళు పట్టి, మందు కలిపింది.

కొన్నాళ్ళకు ఆ తెగులే వచ్చి, కోళ్ళు మెడలు మెలితిరిగి ఒక్కొక్కటే పోయాయి. మందు కల్తీదని అమ్మినవాడిని తిట్టుకుంటూ ఇద్దరం పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

"ఏ నీళ్ళలో కలిపినావమ్మా?" అన్నాడాయన.

"కొళాయి నీళ్ళే సార్. బ్లీచింగ్ వాసన గూడా వస్తా ఉన్నింది. అంత శుభ్రం," అంది అమ్మ.

"ఈ మందులో ఉండేది ప్రాణమున్న క్రిమేనమ్మా. బలం తగ్గించి ఇస్తారు. అది బతికి కోడి కడుపులోకి పోతేనే పని చేస్తాది. బ్లీచింగ్ దాన్ని మూకుట్లోనే చంపేసింది."

ఆయన గొంతులో నింద లేదు. నాకే ఒళ్ళు మండింది. మందు చేతిలో పెట్టేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదా?



మళ్ళీ తెచ్చిన కోడిపిల్లలు పెరిగాక, అమ్మ బోరు నీళ్ళు పట్టి, మూకుడు ఒట్టి నీళ్ళతో కడిగి మందు కలిపింది. వాటి ముందు పెడుతూ, ఇంటికొచ్చిన చుట్టాలతో అన్నట్టు మెల్లగా అంది: "ఏమీ అనుకోబాకండమ్మా. ఈ పొద్దు తోమలేదు."