సాయంత్రపు మట్టికి వేసిన మార్కు

నాకు ఎద్దులు లేవు. మా వంశంలోనే ఎవరికీ లేవు. నంద్యాల బజారులో మాది పత్తిచెక్క, ఉలవలు, తవుడు అమ్మే అంగడి. ఎద్దు తినేవన్నీ మీ దగ్గరుంటాయి, ఎద్దు ఒక్కటే తక్కువ అని మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అయినా బండలాగుడు పోటీలంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. మా వైపు ఊళ్ళలో తిరునాళ్ళ జరిగితే జత ఎద్దులకు కాడి కట్టి పెద్ద రాతిబండను లాగిస్తారు. ఇచ్చిన సమయంలో మైదానం కొసన మలుపు తిరిగి వస్తూ ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతది గెలుపు. వచ్చినవాళ్ళంతా ఎద్దుల్ని చూస్తారు. నేను ఎద్దుల కాళ్ళ కింద మట్టిని చూసేవాణ్ణి.

అదేం జబ్బు అంటే చెప్తాను. దాణా కోసం మా అంగడికి వచ్చే ఎద్దుల వాళ్ళు ఒకరినొకరు అడిగే మొదటి మాట, ఫలానా ఊళ్ళో నేల ఎట్లుంది అని. రాళ్ళున్నాయా, మలుపులో జారుతుందా అని. నేల బాగాలేక కాలు బెణికిన ఎద్దు మళ్ళీ కాడి కిందికి రావడానికి ఏడాది పడుతుంది. కొన్ని రానే రావు. బిడ్డలా సాకిన ఎద్దు కుంటుతుంటే ఆ యజమాని మొహం చూడలేం. ఒకసారి చెక్క బస్తాలు వేయడానికి కోయిలకుంట్లకు పోయినవాణ్ణి, పనిలో పనిగా అక్కడి మైదానం తొక్కి చూసి వచ్చి, పదికి ఆరు, మలుపులో జాగ్రత్త అన్నాను. పోటీ రోజున సరిగ్గా మలుపులోనే రెండు జతలు తడబడ్డాయి. అంతే, ఆ రోజు నుంచి నా మాటకు విలువ వచ్చింది.

తర్వాత ఎద్దుల వాళ్ళు ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. పోటీకి ముందు రోజు నేను బండేసుకుని ఆ ఊరికి పోవడం, మైదానం చూడటం, మార్కు వేసి వాయిస్ మెసేజ్ పెట్టడం. నా పద్ధతి నాకుంది. చెప్పులు విడిచి ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాను. మలుపుల దగ్గర మడమతో గట్టిగా తొక్కుతాను. మడమ గోరు లోతు దిగితే మంచి నేల. వేలు లోతు దిగితే ఎద్దుకు బరువు. అసలు దిగకపోతే గిట్ట జారుతుంది. ఒక చెంబు నీళ్ళు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తాను. పోటీకి ముందు సాయంత్రమే నేలను తడుపుతారు కాబట్టి నేను చూసేది తడి మట్టినే. అది రాత్రి గాలికి ఆరి పొద్దుటికి ఎట్లుంటుందో అంచనా వేసి మార్కు వెయ్యాలి. ఈ పనిలో కిటుకంతా అదే. అది తెలియనివాడు మట్టి జోలికి పోకూడదు.

బనగానపల్లె వైపు ఒక మైదానం ఉంది, పక్కనే మామిడితోటలు, నీడకు పదికి పది. నేలకు మాత్రం ఐదు, దున్నినకొద్దీ రాళ్ళు లేస్తాయి. నంద్యాలలో రైలు పట్టాల దగ్గర ఒక చోట మూడే ఇచ్చాను. మన ఊరే గదా, నాలుగన్నా వెయ్యొచ్చు గదా అని బతిమాలారు. వెయ్యలేదు. అంత నిక్కచ్చిగా ఉన్నందుకు నాలో నేనే మురిసిపోయేవాణ్ణి. పోయిన చోటల్లా కుర్చీ వేసేవాళ్ళు, బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేవాళ్ళు. మైకులో నా పేరు చెప్పేవాళ్ళు. కాడి పట్టడం చేతకాని అంగడివాడికి ఇంతకంటే ఏం కావాలి. నెమ్మదిగా తలబిరుసు వచ్చింది. అది నాకు తెలియలేదు, మా ఆవిడకు తెలిసింది.

ఆళ్లగడ్డ దాటినాక ఒక ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ ఊరి మైదానం ఆయన చేతి పని. ప్రతి ఎండాకాలం చెరువు పూడిక మట్టి తెచ్చి నల్లరేగడిలో కలిపేవాడు. వంక ఇసుక ఇంత, పేడ ఇంత అని ఆయన లెక్క ఆయనది. మిగతా రోజుల్లో అందులోకి గొర్రెను కూడా రానిచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్ళకు పైగా అట్లా చేసిన నేల అది. ఎవరూ ఆయనకు కూలి ఇచ్చిందీ లేదు, ఆయన అడిగిందీ లేదు. పోటీ రోజున మొదటి జతను బరిలోకి దించే ముందు ఆయన వంగి మట్టిని కళ్ళకు అద్దుకునేవాడు. ఆ ఒక్క నిమిషం ఊరంతా ఆయన వైపు చూసేది. ఆయనకు దక్కింది అదే, ఆయన కోరుకుంది కూడా అదే.

ఆ నేలకు నేను ఏటా తొమ్మిది వేసేవాణ్ణి.

"పది యాల ఎయ్యవు సెట్టీ?" అని అడిగేవాడు.

"పదేస్తే నువ్వు పండుకుంటావ్ పెద్దాయనా" అనేవాణ్ణి. నోట్లో ఉన్న నాలుగు పళ్ళూ కనపడేలా నవ్వేవాడు.

ఒక సంవత్సరం పోటీకి వారం ముందు నా మడమలో తుమ్మముల్లు విరిగింది. డాక్టరు కోసి తీసి కట్టు కట్టాడు. మట్టి తగలనివ్వొద్దన్నాడు. కొత్త చెప్పులు కొనుక్కుని, వాటితోనే ఆ ఊరికి పోయాను. సాయంత్రం నాలుగున్నర అయింది. పెద్దాయన అప్పుడే తడపడం ముగించి గట్టు మీద నిలబడి ఉన్నాడు. కమిటీ కుర్రవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒక పాతికమంది ఉన్నారు. నేను చెప్పులతోనే రెండడుగులు లోపలికి వేశాను.

"చెప్పులిడ్సి రా" అని గట్టిగా అన్నాడు. "నీ అంగడి గాదు ఇది."

పాతికమందీ నవ్వారు. మడమకు ముల్లు విరిగింది పెద్దాయనా అంటే సరిపోయేది. పది మాటలు కూడా కావు. చెప్పలేదు. ఒళ్ళు మండిపోయింది. అంగడి అన్నాడే, నన్ను అంగడివాడన్నాడే అని అదొక్కటే చెవుల్లో మోగుతోంది. గిర్రున వెనక్కి తిరిగి, నొప్పి లేని కాలి చెప్పు విడిచి, గట్టు పక్కనే మలుపు దగ్గర మడమతో ఒక తొక్కు తొక్కాను. వేలు లోతు దిగింది. దిగుతుంది మరి, అప్పుడే కదా నీళ్ళు పెట్టాడు. పొద్దుటికి అది గోరు లోతుకు వస్తుందని నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్న నేల, నాకు తెలియకపోవడమేంటి. అయినా ఆళ్లగడ్డలో టీ అంగడి ముందు బండి ఆపి గ్రూపులో మెసేజ్ పెట్టాను. "ఈసారి తేమ ఎక్కువగా ఉంది. మలుపులో కాలు దిగబడతాంది. నాలుగు మార్కులు. మీ ఇష్టం."

చెప్పింది అబద్ధం కాదని దారి పొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. తేమ ఎక్కువ ఉన్న మాట నిజమే కదా. కాలు దిగబడిన మాట నిజమే కదా. నిజాన్ని ఇంత దరిద్రంగా వాడొచ్చని ఆ రోజే తెలుసుకున్నాను.

పొద్దున ఆ ఊరికి మూడు జతలు వచ్చాయి. ఏటా పదిహేనుకు తగ్గేవి కావు. వచ్చిన మూడూ ఆ నేల మీద ఎప్పుడూ లాగనంత దూరం లాగాయని తర్వాత విన్నాను. విని ఏం లాభం. తిరునాళ్ళకు వచ్చిన జనం మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టారు. కమిటీవాళ్ళకు తల కొట్టేసినట్టయింది. ముసలాయన చేతిలో పెడితే ఇట్లే ఉంటుందని ఎవరో అన్నారు. మరుసటి ఎండాకాలం జేసీబీ పెట్టి ఆ మట్టంతా గీకేసి, ఎక్కడి నుంచో గరుసు కంకర తోలించి, రోలరుతో తొక్కించారు. ఇక తేమ గొడవ లేదని నాకే ఫోన్ చేసి చెప్పారు. మీ మాట విన్నామన్నా అని కూడా అన్నారు.

ఆ ఫోన్ పెట్టేశాక అన్నం తినబుద్ధి కాలేదు. మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "పొయ్యి ఆయన్తో చెప్పుకో" అంది. పోలేదు. అంత ధైర్యం ఉంటే ఇదంతా ఎందుకు జరుగుతుంది. ముందు గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను, ఆ నాలుగు మార్కులు కోపంలో వేసినవి, నేల మంచిదే, తప్పు నాదే అని. ఇద్దరు ముగ్గురు దండం బొమ్మలు పెట్టారు. ఒకాయన, "ఆ నేల ఇప్పుడు లేదు గదన్నా" అన్నాడు. ఆ తర్వాత ఎవరో బనగానపల్లెలో అమ్మకానికి ఉన్న కోడెల ఫోటో పెట్టారు, అందరూ దాని మీద పడ్డారు. నేను మార్కులు వేయడం మానేశాను. మానేస్తున్నానని చెప్పలేదు, ఎవరూ గట్టిగా అడగనూ లేదు.

పెద్దాయన దగ్గరికి పోవడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. పోయిన చలికాలం ఒక సాయంత్రం పోయాను. ఇంటి వెనక గోంగూర మడికి నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి, "ఏందీ సెట్టీ, దోవ మరిసినావా?" అన్నాడు. నిలబడే చెప్పాను. ముల్లు సంగతి చెప్పాను, కోపం సంగతి చెప్పాను, తెలిసి తెలిసి తడిమట్టికి మార్కు వేశానని చెప్పాను.

ఆయన బిందె కింద పెట్టాడు. "నాకు తెల్సు లేప్పా. నువ్వు ఒంటికాల్తో తొక్కినప్పుడే సూసినా. కుంటుతాండావ్. ముల్లని తెలీక అర్సినా. నేనూ అడగల్సింది." చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "మార్కు తగ్గిందని గాదు నా బాధ. ఎద్దులు రాల్యా. నేల తడిపి పెట్టుకోని, పొద్దన్నుంచి దోవెంబడి సూస్తా కూసున్నా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

జేసీబీ మట్టి గీకేటప్పుడు కుప్పలోంచి గంపలతో మోసుకొచ్చి ఆ మడి చేసుకున్నాడట. మహా అయితే మూడు బారల పొడవుంటుంది. నేను ఆయన చెప్పకుండానే చెప్పులు విడిచి, మడి కొసన ఖాళీగా ఉన్న చోట మడమతో తొక్కాను.

"ఎంతేస్తావ్?" అన్నాడు.

"పది."

తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడే గదప్పా నీళ్ళు పోసింది. పొద్దన్నే సూసి చెప్పల్ల. అదీ మరిసినావా?"

అప్పుడు కోపంతో నాలుగు వేశాను, ఇప్పుడు పాపం పోతుందని పది వేశాను. రెండుసార్లూ మట్టిని చూసింది లేదు.

ఆ రాత్రి ఆళ్లగడ్డలోనే లాడ్జిలో ఉండిపోయి, పొద్దున్నే మళ్ళీ పోయాను. ఆయన ఇంకా మొహం కడుక్కోలేదు. చెప్పులు వాకిట్లోనే విడిచి మడి దగ్గరికి పోయి, నిన్న తొక్కిన చోటికి పక్కనే తొక్కాను. మడమ సరిగ్గా గోరు లోతు దిగి ఆగింది. వంగి ఇంత మట్టి తీసుకుని వేళ్ళతో నలిపాను. తొందరపడలేదు.

"తొమ్మిది" అన్నాను.

ఆయన వాకిట్లో నిలబడి, "ఆఁ. ఇప్పుడు సూసినావ్" అన్నాడు.

గ్రూపులో పెడదామని అలవాటుగా ఫోన్ బయటికి తీశాను. ఏ మైదానం అని పెట్టను? మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. పెద్దాయన గోంగూర కోసి, ఒక కట్ట కట్టి, మీ ఇంట్లో ఇయ్యి అని నా చేతిలో పెట్టాడు.