ఇప్ప నూనె మీద వేసిన నింద

మా చిన్నప్పుడు ఆరేళ్లపాటు మా వంటింట్లో రెండు పొయ్యిలు వెలిగాయి... ఒకటి అమ్మది, ఒకటి అవ్వది. అవ్వ అంటే మా నాయన తల్లి. అత్తాకోడళ్ల గొడవ పొలం గురించి కాదు, నగల గురించి కాదు... నూనె గురించి!

ఆవపల్లి దగ్గర మా ఊళ్లో వంట నూనె అంటే ఇప్ప నూనే. ఇప్పకాయలు రాలే రోజుల్లో గింజలు ఏరుకొచ్చి, పప్పు ఒలిచి, ఎండబెట్టి, దంచి, ఆవిరి పట్టి, రెండు బరువైన చెక్కల మధ్య పెట్టి పిండేవాళ్లం. పై చెక్క మీద ఎక్కి కూర్చోవడం పిల్లల పని. బరువు చాలకపోతే అవ్వ "తిన్న బువ్వంత యాడికి పోతుందే?" అని కసిరేది.

చలికాలం ఆ నూనె కుండలో పేరుకుపోయేది. చెంచాతో గీరి వేడి అన్నంలో వేసుకుంటే కరిగిపోయేది... కొత్తవాళ్లు ఆ వాసనకు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అదే కమ్మదనం.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాయనకు గుండెనొప్పి వచ్చింది. పట్నం ఆస్పత్రిలో పది రోజులు ఉండి ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఆరోగ్యం గురించి చెప్పేందుకు ఒకాయన మా ఊరికి వచ్చి గోడకు ఒక బొమ్మ తగిలించాడు. బొమ్మలో బొజ్జ ఉన్న మనిషి గుండె పట్టుకుని ఉన్నాడు. చలికి గడ్డకట్టే నూనె గుండె నరాల్లోనూ గడ్డకడుతుందని ఆయన చెప్పాడు.

అవ్వ లేచి నిలబడింది. "బొమ్మల ఉన్నోడికి ఇంత బొర్ర ఉన్నది. నా కొడుకు కట్టెపుల్ల లెక్క ఉన్నడు. మరి గీ బొమ్మ ఎవలదయ్యా?"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆ వారమే ఇంట్లో ఉన్న గింజలన్నీ సంతలో అమ్మేసి, వనస్పతి డబ్బా కొనుక్కొచ్చింది. అవ్వ మూత తీసి లోపలికి చూసింది... తెల్లగా, గట్టిగా ఉంది.

"ఇదేంది? ఇది గూడ గడ్డే గద! దుకాన్‌ల కొంటె గుండెకు మంచిదా?"

అమ్మకు కోపం నసాళానికి అంటింది. "నీ నూనె తినే నా మొగడు అస్పతాల్‌ల పడ్డడు!" అనేసింది. ఆ రోజు నుంచి అవ్వ వేరే పొయ్యి పెట్టుకుంది. ఎవరెన్ని చెప్పినా వినలేదు... తన నూనె తనే పిండుకుంది, తన కూర తనే వండుకుంది.

ఇంత జరుగుతున్నా నాయన అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించుకునేవాడు. ఒకటి ఆరకముందే ఇంకొకటి. దాని గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఎలా ఎత్తుతాం? ఎండాకాలం తునికాకు తెంపి, కట్టలు కట్టి అమ్ముకుని బతికే ఇల్లు మాది. అన్నం పెట్టే ఆకును బీడీగా చుడితే అది విషం అవుతుందని మాకు తోచనే లేదు.

నేను పదో తరగతిలో ఉండగా నాయన మళ్లీ గుండెనొప్పి వచ్చి పోయాడు. శవం దగ్గర కూడా అమ్మ ఆ నూనె మాటే అంది.  ఆ తర్వాత అవ్వ మళ్లీ ఎన్నడూ నూనె పిండలేదు... మూడేళ్లకు తనూ పోయింది.

ఇప్పుడు నేను నర్సును. చదువుకునేటప్పుడే తెలిసింది... ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు గుండెజబ్బుకూ లావుకూ కారణం వెతుకుతూ కొవ్వు దగ్గర ఆగిపోయారట. వాళ్లు చెప్పినదంతా తప్పు కాదు. గడ్డకట్టే కొవ్వు ఎక్కువైతే రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది... ఇప్ప నూనెలోనూ ఆ కొవ్వు ఉంది, దాన్ని అమృతం అని నేననను. కానీ అది సగం కథ. అప్పటి వనస్పతిలో ఉన్న ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు ఇంకా చేటు అని తర్వాత తేలింది. పొగ సంగతి, చక్కెర సంగతి, ఒళ్లు కదలని బతుకు సంగతి కూడా లెక్కలోకి వచ్చాయి. సన్నగా ఉన్నవాడికీ గుండెజబ్బు వస్తుంది.

శాస్త్రం తన మాట తను దిద్దుకుంది. మా గోడ మీది బొమ్మను మాత్రం ఎవరూ వచ్చి దిద్దలేదు. సంతలో కొన్నది మంచిది, మా చేతులతో పిండింది చెడ్డది... అని ఎంత తేలిగ్గా నమ్మేశాం! ఇవాళ మా ఊరి పిల్లల చేతుల్లో రంగునీళ్ల సీసాలు, బిస్కెట్ పొట్లాలు... అడిగేవాళ్లు లేరు. నేను అడుగుతాను. బీడీ కాల్చేవాళ్లను ముఖం మీదే అడుగుతాను. "అడివి మనది, ఆకు మనది, నీకేంది?" అని తిట్టినా అడుగుతాను.

మొన్న అమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను.  అంతా విని మెల్లగా అడిగింది... "మరి మా అత్తకు ఇప్పుడు ఎవలు చెప్తరే?"

 అందుకే నలుగురూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను... ‘నా కొడుకును చంపింది నా నూనే’ అనుకుంటూ మా అవ్వ పోయింది. ఆ నింద వేసింది మేము.

మీ ఇళ్లలోనూ ఇలా ఒక వంట మీద, అది వండిన మనిషి మీద నింద వేశారా? ఇక్కడ రాయండి... కానీ ఆ మనిషి ఇంకా బతికి ఉంటే, ముందు లేచి వెళ్లి వాళ్లకు చెప్పి రండి.