అయిపోయినట్టే

తెలుగులో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. అయిపోయినట్టే. అయిపోయింది అంటే అబద్ధమవుతుంది, అవ్వలేదు అంటే తిట్లు పడతాయి. ఈ రెంటికీ మధ్య అంత సుఖమైన చోటు ఇంగ్లిషులో నాకెక్కడా దొరకలేదు. పదహారో ఏడు నుంచి పదిహేడు నిండేదాకా నేను ఆ మాటలోనే కాపురమున్నాను. గిన్నెలు తోమావా అంటే అయిపోయినట్టే. బట్టలు మడతపెట్టావా అంటే అయిపోయినట్టే. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకున్న అమ్మకి ఆ జవాబు సరిపోయేది.

అప్పుడు మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉండేవాళ్ళం. నేను పన్నెండో గ్రేడు. నాన్న విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, శుక్రవారం వచ్చి ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ కారెక్కేవారు. అమ్మ ఒక వృద్ధుల హోమ్‌లో పనిచేసేది. కింద బేస్‌మెంట్‌లో ముగ్గురు స్టూడెంట్ అమ్మాయిలు అద్దెకుండేవారు. ఆ రోజుల్లో మా వీధిలో స్టూడెంట్లు లేని బేస్‌మెంట్ లేదు. బస్సెక్కితే సగంమంది వీపున కాలేజీ బ్యాగుతో, చేతిలో వేర్‌హౌస్ బూట్ల సంచితో కనిపించేవారు. మా తెలుగు చర్చిలో కూడా వాళ్ళ కోసం వెనక మూడు వరసల కుర్చీలు కొత్తగా వేశారు.

ఆ టర్మ్‌లో మా ఇంగ్లిష్ టీచరు ఒక ప్రాజెక్ట్ ఇచ్చింది. నచ్చిన నవల ఒకటి ఎంచుకుని, దాని గురించి నీ సొంత వాదన ఏమిటో ఎనిమిది పేజీల్లో రాయాలి. గడువు ఆరు వారాలు. నేను కోరుకున్న యూనివర్సిటీ కోర్సుకి ఇంగ్లిష్‌లో కనీసం ఇన్ని మార్కులని లెక్క ఉంది, ఆ మార్కుల్లో పెద్ద వాటా ఈ ప్రాజెక్ట్‌ది. ఇది నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. ఫ్రిజ్ మీద తారీకు రాసి అంటించింది కూడా ఆవిడే.

ఆరు వారాలు ఏం చేశానంటే, ఎడిట్‌లు చేశాను. కొరియన్ సీరియళ్ళలో హీరో గొడుగు పట్టిన చోటొకటి, వెనక్కి తిరిగి చూసిన చోటొకటి కత్తిరించి, ఏదో పాట మీద అతికించి పావు నిమిషం వీడియోలుగా పెట్టేదాన్ని. ఇది బద్ధకం అనుకుంటే పొరపాటు. హీరో కనురెప్ప పడే క్షణం సరిగ్గా డప్పు దెబ్బ మీద పడేదాకా నాలుగు గంటలు వంచిన తల ఎత్తేదాన్ని కాదు. ఆ వీడియోల కింద ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఏడుస్తున్న బొమ్మలు పెడుతుంటే కడుపు నిండిపోయేది. చేతిలో అంత ఓపిక ఉండీ, ఒక పేరా రాయమంటే మాత్రం ఒళ్ళంతా బరువెక్కేది.

ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కొంత తెలుస్తోంది. భీమవరం దగ్గర ఆరో తరగతి దాకా నేను క్లాసు ఫస్టు. టీచరుగారు చెప్పిన నోట్సు కామాలతో సహా అప్పజెప్పడం నాకు మంచినీళ్ళ ప్రాయం. ఇక్కడికొచ్చాక ప్రతివాళ్ళూ నువ్వేమనుకుంటున్నావని అడగడం మొదలుపెట్టారు. నేనేమీ అనుకోవట్లేదని ఎవరితో చెప్పను? రాయడం మొదలుపెడితే లోపల ఏమీ లేదని బయటపడుతుంది. మొదలుపెట్టనంతసేపూ నేనింకా క్లాసు ఫస్టే.

గడువుకి నాలుగు రోజుల ముందు, గురువారం పొద్దున్న, అమ్మ పనికెళుతూ గుమ్మంలో నిలబడి అడిగింది. "ప్రాజెక్ట్ సంగతేంటమ్మా? అయిపోయిందా?"

నేను ఫోన్లోంచి తలెత్తలేదు. "ఆల్మోస్ట్ అమ్మా. అయిపోయినట్టే."

"హమ్మయ్య" అంది అమ్మ. ఆ హమ్మయ్యలో ఏముందో నేను పట్టించుకోలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళాం. ఆ హాలు ఒక ఇంగ్లిష్ చర్చి వాళ్ళది. పొద్దున వాళ్ళ ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి మాకిచ్చేవారు. పాటలయ్యాక సాక్ష్యాల సమయం. అంటే, ఆ వారం దేవుడు తమకి చేసిన మేలు గురించి ఎవరైనా లేచి నిలబడి అందరి ముందూ చెప్పొచ్చు. సాధారణంగా వర్క్ పర్మిట్ వచ్చినవాళ్ళూ డ్రైవింగ్ టెస్ట్ పాసైనవాళ్ళూ లేచేవారు. మా అమ్మ అంతమందిలో నోరు విప్పే మనిషి కాదు. ఆ రోజు చీర కొంగు భుజం నిండా కప్పుకుని లేచి నిలబడింది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలండి. మా పాపకి స్కూల్లో పెద్ద ప్రాజెక్ట్ ఇచ్చారండి. ఎనిమిది పేజీలు. దాని యూనివర్సిటీ సీటు దానిమీదే ఉంది. నాకా అంత ఇంగ్లిష్ రాదు. వాళ్ళ నాన్నగారు వారమంతా ఇక్కడుండరు. చెప్పేవాళ్ళు లేకపోయినా ఒక్కత్తే కూర్చుని పూర్తి చేసిందండి. దేవునికి స్తోత్రం."

హాలంతా ఒక్కసారి ఆమెన్ అంది. పక్కన కూర్చున్న నాన్న నా తలమీద చెయ్యివేసి కాసేపు అలాగే ఉంచారు. నేను కింద కార్పెట్ మీద కాఫీ మరక చూస్తూ కూర్చున్నాను. అప్పటికి నా ఫైల్‌లో నా పేరు, టీచరు పేరు, తారీకు, ఒక వాక్యం ఉన్నాయి. లేచి అవ్వలేదమ్మా అనడానికి అర నిమిషం సమయముంది. ఆ అర నిమిషం ఎంత పొడవుగా ఉందో నాకిప్పటికీ గుర్తు. తర్వాత పాస్టర్‌గారు ఇంకొకరిని పిలిచారు.

భోజనాల దగ్గర మా బేస్‌మెంట్‌లో ఉండే గుంటూరు అక్క ప్లేటు పట్టుకుని నా పక్కన చేరింది. "చెల్లీ, నాకూ కాలేజీలో ఒక ఎస్సే ఉంది. ఈ థీసిస్ అంటే మన సొంత వాదనంట, అదేంటో ఎంతకీ బుర్రకెక్కట్లా. నీదొకసారి చూపిస్తావా? కాపీ కొట్టన్లే."

"ష్యూర్ అక్కా" అన్నాను. ఇంకేమంటాను.

సోమవారం ఇంగ్లిష్ పీరియడ్ ఎగ్గొట్టి లైబ్రరీలో మూల కుర్చీలో కూర్చుని ఒక సీరియల్ రెండు ఎపిసోడ్లు చూశాను. ఒంట్లో బాలేదని టీచరుకి మెయిల్ పెట్టాను. ఆవిడ మంచిది. శుక్రవారం దాకా టైమిచ్చింది. కానీ మా స్కూల్లో పిల్లలు పీరియడ్ ఎగ్గొడితే సాయంత్రం ఇంటికి రికార్డింగ్ ఫోన్ వచ్చేది. మీ అబ్బాయి లేదా అమ్మాయి మూడో పీరియడ్‌కి హాజరు కాలేదు అని ఆ సాయంత్రం మర గొంతు చెప్పింది. అమ్మ కూర తిప్పుతూ స్పీకర్లో విని నా వైపు తిరిగింది.

"మెషీన్ మిస్టేక్ అమ్మా. ఇట్ హ్యాపెన్స్" అన్నాను.

"అంతేలే. ప్రాజెక్ట్ ఇచ్చే రోజు క్లాసెందుకు మానేస్తావు? ఎవరి పేరో నొక్కబోయి నీది నొక్కి ఉంటారు" అంది. నేను వెతుక్కోవలసిన సాకు కూడా ఆవిడే అందించి మళ్ళీ గరిటె తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు రాగానే ఏం చెయ్యాలో నాకు తెలుసు. గదిలోకి వెళ్ళి కొత్త ఎడిట్ మొదలుపెట్టాను.

బుధవారం స్కూలు నుంచి రాగానే అక్క నోట్‌బుక్ పట్టుకుని పైకి వచ్చింది. అమ్మ డ్యూటీలో ఉంది. తప్పించుకునే దారి లేక లాప్‌టాప్ తెరిచాను. అక్క ఆ వాక్యం చదివింది. కింద ఇంకా ఉందేమోనని చూసింది. లేదు.

"ఇదేనా?"

"అయిపోయినట్టే అక్కా. మొత్తం మైండ్‌లో ఉంది."

అక్క నోట్‌బుక్ మూసేసింది. "మా ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ కూడా ఇదే అనేవాడు చెల్లీ. గోడలు లేవకముందే." నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఆంటీ అంతమందిలో లేచి చెప్పింది. ఆమెకి నువ్వే చెప్పు. నేను చెప్తే బాగోదు." కిందికి వెళ్ళిపోయింది.

చెప్పలేదు. గురువారం పోయింది. శుక్రవారమూ పోయింది. ఆ సాయంత్రం టీచరే ఇంటికి ఫోన్ చేసింది. అమ్మ ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, యెస్ మేడమ్, సారీ మేడమ్, థాంక్యూ మేడమ్ అని నాలుగైదుసార్లు అని పెట్టేసింది. ఆఖరి అవకాశం సోమవారం పొద్దున తొమ్మిదింటికి. మార్కులు కోస్తారు గానీ తీసుకుంటారు. ఆ తర్వాత సున్నా.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఒక్క పేజీ కూడా లేదా?" అని మాత్రం అడిగింది.

"ఒక వాక్యం ఉంది."

"అయిపోయినట్టే అన్నావు కదమ్మా."

అప్పుడు నేనన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ చెవులు కాలతాయి. "అయిపోయింది అని అనలేదు కదా" అన్నాను. ఆరో తరగతి తర్వాత తెలుగు క్లాసులో కూర్చోని దాన్ని, మా అమ్మకి తెలుగు వ్యాకరణం చెప్పాను.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నిజమే. నేనే సరిగ్గా వినలేదు" అంది. ఎత్తిపొడుపైతే బాగుండేది. నిజంగానే అంది.

శనివారం తను చేయాల్సిన పనులన్నీ చేసింది, నాతో మాట్లాడాల్సినంతే మాట్లాడింది. నాన్నకి ఏం చెప్పిందో తెలియదు. ఆయన నా గది ముందుకొచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. నేను లోపల తెల్ల స్క్రీన్ ముందు కూర్చుని, ఉన్న ఆ ఒక్క వాక్యాన్నీ చెరిపేశాను. ఆ రోజు అంతకంటే ముందుకి పోలేదు.

ఆదివారం మళ్ళీ చర్చి. సాక్ష్యాల సమయంలో ఎవరో బిడ్డకి జ్వరం తగ్గిందని చెప్పి కూర్చున్నారు. అమ్మ లేచింది. అందరి ముందూ నా పరువు తీస్తుందనుకున్నాను. తియ్యాల్సిందేనని కూడా అనుకున్నాను.

"అందరికీ వందనాలండి. పోయిన వారం నేనొక సాక్ష్యం చెప్పాను. అది నిజం కాదు. సాక్ష్యమంటే కళ్ళతో చూసి చెప్పేది కదండి. నేను చూడకుండా చెప్పాను. తప్పు నాది. పాపది ఇంకా అవ్వలేదు. రేపు ఆఖరి రోజు. మీరందరూ ప్రార్థన చెయ్యండి."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక వరసల్లోంచి ఒక గొంతు ఆమెన్ అంది, అది గుంటూరు అక్కది. తర్వాత మిగతావాళ్ళు అందుకున్నారు. అమ్మ కూర్చుంటూ నావైపు చూడలేదు. కొంగు మళ్ళీ భుజం నిండా కప్పుకుంది. పరువు పోయింది నాది కాదు.

భోజనాల దగ్గర ఒక పెద్దావిడ అమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వు విశ్వాసంతో చెప్పావమ్మా. అందులో తప్పేముంది?"

"విశ్వాసమే ఆంటీ. కానీ దేవుడి మీద కాదు, పిల్ల మీద" అంది అమ్మ.

అది విన్నాక నాకు అన్నం సయించలేదు. లాప్‌టాప్ తీసుకుని సండే స్కూల్ గదిలోకి వెళ్ళి, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. కాసేపటికి అక్క వచ్చి ఎదుటి కుర్చీలో తన ఎస్సే తెరిచింది. నేను రాసిన మొదటి పేరా పరమ చెత్త. రెండోది కూడా. అయినా రాస్తూ పోయాను. అందులో గొప్ప సంగతేమీ తెలుసుకోలేదు. చెత్తగా రాసినా ఎవరూ చచ్చిపోరని మాత్రం తెలిసింది. ఆ రోజు నాన్న మేం లేచేదాకా ఆగి, ఆలస్యంగా విండ్సర్ బయల్దేరారు.

సోమవారం ఎనిమిది పేజీలకి ఐదు పేజీలిచ్చాను. పాసయ్యాను, అంతే. కోరుకున్న కోర్సు రాలేదు, వేరేదాంట్లో చేరాను. అక్క ఎస్సేకి నాకంటే మంచి మార్కులొచ్చాయి. ఆ వేసవిలో వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయింది. నా ఎడిట్‌ల సంగతంటారా, వెంటనే మానేశానని చెబితే ఎవరు నమ్ముతారు? మానలేదు. వాయిదా వేసే బుద్ధీ పోలేదు. కానీ ఆ మాట మాత్రం మళ్ళీ నా నోట్లోంచి రాలేదు.

అమ్మ ఆ తర్వాత నా గురించి సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడూ లేవలేదు. కిందటేడు నా డిగ్రీ పూర్తయినప్పుడు కూడా, చర్చిలో నలుగురూ తనవైపు చూస్తుంటే పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చుంది.

ఇప్పుడు నేను ఓక్‌విల్‌లో ఉంటున్నాను. ఏదైనా పని ముగించినప్పుడు ఇంటికి ఫోన్ చేసి చెబుతాను. మొన్నా చేశాను. "అమ్మా, అయిపోయింది" అన్నాను, ఒక్కో అక్షరం స్పష్టంగా. "మంచిదమ్మా, చాలా సంతోషం" అంది. తర్వాత అమ్మ మెల్లగా, నన్ను నొప్పించకుండా అడుగుదామన్నట్టు అడిగింది.

"దాన్నొక ఫోటో తీసి పెట్టు తల్లీ. చూస్తాను."

పెట్టాను.